మూడో గోలు

"లెటీ, ఉప్పు ఇటిమ్మని మీ అన్నయ్యతో చెప్పు."

"అన్నయ్యా, నాన్న ఉప్పు అడుగుతున్నాడు."

ఉప్పు గిన్నె జోనస్ మోచేతి పక్కనే ఉంది. అబెల్ చెయ్యి చాస్తే అందుతుంది. జోనస్ తలెత్తకుండా దాన్ని చెల్లెలి వైపు తోశాడు. లెటీ తండ్రి వైపు తోసింది.

"ఆరు రోజులూ మిల్లులో మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెల్ని ఆడించి వస్తున్నాను. ఆదివారం పూటైనా నన్ను నాడెని చెయ్యకండి" అంది.

ఎవరూ నవ్వలేదు. కెజియా మాంసం పళ్ళెం కొడుకు ముందుకు జరిపి, మొగుడి ముందుకు బంగాళదుంపలు జరిపింది. మామూలుగా అయితే మాంసం ముందు అబెల్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన అది చూశాడు. చూడనట్టే దుంప మీద ఉప్పు చల్లుకున్నాడు.

ఎనిమిది రోజులుగా హాస్లమ్ వాళ్ళింట్లో భోజనాలు ఇలాగే సాగుతున్నాయి.

అంతకు ముందు శనివారం జరిగింది మా క్రాగ్‌బ్రుక్‌లో ఇంకా ఎవరికీ మింగుడు పడలేదు. ఫుట్‌బాల్ కప్పు పోటీల్లో మూడో రౌండు. మా ఊరి మైదానంలోనే స్టాన్‌రిడ్జ్ జట్టుతో ఆట. చెరి రెండు గోల్స్. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుందనగా జోనస్ మూడోది కొట్టాడు. ఊరు ఊరంతా టోపీలు ఎగరేసింది. స్టాన్‌రిడ్జ్ వాళ్ళు మాత్రం కదలకుండా నిలబడి, బంతి చేతికి తగిలిందన్నారు. వాళ్ళ అంపైరు, గోలు చెల్లదన్నట్టు, కర్ర ఎత్తాడు. అది అనుకున్నదే. ఒక్కో జట్టుకి ఒక్కో అంపైరు. ఎవరి అంపైరు వాళ్ళ వైపే చూస్తాడు. ఇద్దరికీ కుదరనప్పుడే గీత అవతలున్న రిఫరీని అడుగుతారు.

మా అంపైరు అబెల్ హాస్లమ్. గోలు కొట్టినవాడు ఆయన కన్నకొడుకు.

ఒక్క ఊపిరి తీసి వదిలేంతసేపు ఆయన ఊరుకున్నాడు. తర్వాత తన కర్ర కూడా ఎత్తాడు.

రెండు కర్రలూ లేచాక అడిగేదేముంది? గోలు పోయింది. ఆట సమానమైంది. మళ్ళీ ఆడాలి, ఈసారి స్టాన్‌రిడ్జ్ వాళ్ళ మైదానంలో, వాళ్ళ జనం మధ్య.

"నా ఛాతీకి తగిలిందమ్మా" అన్నాడు జోనస్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి. కెజియా కొడుకు మాట నమ్మింది.

ఇప్పుడు, ఈ ఆదివారం భోజనాల మధ్య, తలుపు తట్టకుండానే లోపలికొచ్చినవాడు ఆమె అన్న ఒబడయా క్రాంప్టన్. వీధి చివర బట్టల కొట్టు ఆయనదే. క్లబ్బుకి సెక్రటరీ. పదకొండు మందికీ తెల్ల ఫ్లానెల్ జెర్సీలు కుట్టించింది కూడా ఆయనే. ఆట జరుగుతున్నంతసేపూ మైదానం అంచున పరిగెత్తి, ఆడినవాళ్ళకంటే ముందు అలిసిపోయే మనిషి.

"కూర్చో అన్నయ్యా, తిందువుగాని" అంది కెజియా.

"తినడానికి రాలేదు. బావా, నీతో నాకు పనిలేదు. నా మేనల్లుడితో పని" అని ఒబడయా కోటు జేబులోంచి కాగితం తీసి, పళ్ళేల మధ్య పరిచాడు. "బుధవారం అసోసియేషన్ వాళ్ళు కూర్చుంటున్నారు. మన ఫిర్యాదు వినడానికి ఒప్పుకున్నారు. జోనస్, నువ్విక్కడ సంతకం పెడితే చాలు. బంతి ఛాతీకే తగిలిందని, చేతికి తగల్లేదని, దేవుడి సాక్షిగా రాశాను."

"సంతకం పెడితే?" అంది లెటీ.

"గోలు గోలే అవుతుంది. స్టాన్‌రిడ్జ్ వెళ్ళి మళ్ళీ ఆడే పనే ఉండదు. నాలుగో రౌండుకి వెళ్తాం. ఏ నేతపనివాళ్ళ జట్టూ మన జిల్లాలో అంత దూరం వెళ్ళలేదు. ఒక్కడికీ జీతం లేకుండా, శనివారం మధ్యాహ్నం మగ్గం ఆపి వచ్చి ఆడే పదకొండు మంది!"

ఆ మాట నిజమే. నాలుగేళ్ళ కిందట ఆవులు మేసే ఆ పల్లపు చేలో మైదానం కోసం రాళ్ళు ఏరినప్పుడు ఒబడయా ఒక్కడే కాదు, అబెల్ కూడా ఉన్నాడు. పడుగు నూలు తాడుగా పేని గీతలు కొలిచింది అబెలే. మొదటి ఏడు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. రెండో ఏడు సగం. ఈ ఏడు సెప్టెంబరు నుంచి ఒక్కటీ ఓడలేదు. వాన కురిసినా, కాళ్ళ కింద మంచు గడ్డకట్టినా, షెడ్డులో అయిదున్నర రోజులు నిలబడిన కాళ్ళతోనే గెలిచారు.

"మామయ్యా, ఆ గోలు పడ్డప్పుడు నువ్వెక్కడున్నావ్?" అంది లెటీ.

"మైదానంలోనే."

"టీ పాక దగ్గర. నేనే పోశాను నీకు. నువ్వు అరుపులు విని కప్పు కింద పడేశావు."

"చెవులతో విన్నదీ సాక్ష్యమే! నువ్వు మాట్లాడకు. ఆడపిల్లవి."

"ఆడపిల్లనైనా కళ్ళు రెండున్నాయి."

"కళ్ళ సంగతి మీ నాన్నకి చెప్పు" అన్నాడు ఒబడయా. "ఊరందరికీ ఛాతీ కనబడింది. ఈయనొక్కడికే చెయ్యి కనబడింది. బావా, ఎదురుగా ఎండ ఉందన్నా సరిపోయేదిగా? 'నేను చూళ్ళేదు' అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? రిఫరీ చెప్పుకునేవాడు."

"ఎండ లేదు" అన్నాడు అబెల్. "వాన పడుతోంది."

అంతే. ఆ మనిషి మాటలు ఎప్పుడూ అంతే. ఇరవై ఏళ్ళుగా మిల్లులో మగ్గాల మేస్త్రీ. ఏ మగ్గం ఎందుకాగిందో చెవి పెట్టి విని చెబుతాడు. ఎవరి తప్పో మాత్రం అడిగితేగాని చెప్పడు.

జోనస్ కలం తీసుకున్నాడు. అమ్మ వైపు చూశాడు. కెజియా గిన్నెలు సర్దుతోంది. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. నోరు తెరవబోయినట్టు అనిపించింది. తెరవలేదు.

జోనస్ సంతకం పెట్టాడు.

ఒబడయా కాగితం మడవబోయాడు.

"ఇంకు ఆరనివ్వు" అన్నాడు అబెల్. "పచ్చిగా మడిస్తే అవతలి వైపు అంటుకుంటుంది."

ఆయన గొంతులో కోపం లేదు, వెక్కిరింపు లేదు. చెబుతున్నది ఎవరికో కూడా తెలియలేదు. లేచి, టోపీ పెట్టుకుని, కొండ వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆయన పళ్ళెంలో దుంప సగమే తిని ఉంది.

* * *

కెజియా ఎందుకు నోరు తెరవబోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆట జరిగిన తర్వాత సోమవారం ఉతుకు రోజు. కొడుకు జెర్సీ బురదతో అట్టకట్టి ఉంది. నానబెట్టి, సబ్బు రుద్ది, మూడు నీళ్ళు మార్చింది. బురదంతా పోయింది. ఎడమ చేతి మీద, మోచేతికీ మణికట్టుకీ మధ్య, గుండ్రటి ఎర్ర మచ్చ మిగిలింది.

మైదానం పక్కనే రంగుల కార్ఖానా వాగు. ఆ వారమంతా ఎర్రరంగు అద్దకం. మూడో గోలుకి నిమిషం ముందే బంతి వాగులో పడిందని, తీసి విసిరినప్పుడు ఎర్రగా కారుతూ ఉందని ఊరంతా చెప్పుకుంది. బురద ఉతికితే పోతుంది. ఆ రంగు పోదు.

ఛాతీ మీద వెతికింది. జెర్సీ తిరగేసి, మరగేసి వెలుతురులో పట్టి చూసింది. ఛాతీ తెల్లగా ఉంది.

ఆ రోజు ఆమె జెర్సీ దండెం మీద వెయ్యలేదు. దుప్పట్ల పెట్టెలో అడుగున పెట్టింది. మొగుడి మీద అలక మాత్రం మానలేదు. మానితే కారణం చెప్పాలి. కారణం చెబితే కొడుకు అబద్ధాలకోరవుతాడు. వాడే చెబుతాడు, ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ వారం గడిపింది. చివరికి వాడు దేవుడి సాక్షిగా అన్న కాగితం మీద, ఆమె కళ్ళ ముందే, సంతకం పెట్టాడు.

సోమవారం సాయంత్రం అబెల్ మిల్లు నుంచి చంకలో చెక్క పలక పెట్టుకొచ్చాడు. పొయ్యి పక్కన ఆనించాడు. దాని మీద తారుతో రాసి ఉంది: గుడ్డివాడికి ధర్మం చెయ్యండి.

"ఎక్కడిదిది?" అంది కెజియా.

"నా కోటు తగిలించుకునే మేకుకి కట్టారు."

"ఎవరు?"

"చూళ్ళేదు" అన్నాడు అబెల్. ఆయన మూతి కొస కొంచెం కదిలింది. "గుడ్డివాణ్ణి కదా."

"నవ్వుతున్నారా? దాన్ని అక్కడే పొయ్యిలో పారెయ్యకపోయారా?"

"చెక్క మంచిది. కుందేళ్ళ గూటికి తలుపు ఊడిపోయింది."

కెజియా ఆయన ఎదురుగా కూర్చుంది. తొమ్మిది రోజుల్లో ఆమె ఆయన ఎదురుగా కూర్చోవడం అదే మొదలు.

"ఒకటి అడుగుతాను. మీరు నిజంగా చూశారా?"

అబెల్ చెక్క పలకని గోడవైపు తిప్పి పెట్టాడు.

"ఈ మాట అడగడానికి తొమ్మిది రోజులు పట్టింది నీకు. ఇవాళెందుకు అడుగుతున్నావ్?"

"చెప్పండి."

"చూశాను. ఎడం చెయ్యి."

"వాడు మీ కొడుకు."

"వాడని తెలిసే ఊపిరి పీల్చుకుని నిలబడ్డాను. అప్పుడు స్టాన్‌రిడ్జ్ వాళ్ళ వైపు చూశాను కెజియా. పదకొండు మంది. ఇనుప కార్ఖానాలో పనిచేసే పిల్లలు. వాళ్ళు వాళ్ళ అంపైరు వైపు చూడటం లేదు. పదకొండు మందీ నా వైపే చూస్తున్నారు. నేనేం చెబితే అది నిజమని ఒప్పుకోడానికి." ఆయన అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "నా జన్మలో నన్నెవరూ అలా నమ్మలేదు. మన ఊరి వాళ్ళయితే నేను ఎటు చెయ్యి ఎత్తుతానో ముందే అనుకున్నారు. వాళ్ళు అనుకోలేదు. ఎదురు చూశారు."

"బుధవారం అక్కడ, వాడు అబద్ధం చెప్పాడని మీరు చెబుతారా?"

"వాడి గురించి నేనేమీ అనను. నన్నడిగితే నేను చూసింది చెబుతాను. వాడు చెప్పేది వాడి ఇష్టం." ఆగి అన్నాడు, "నువ్వు వాడితో గొడవ పెట్టుకోకు. ఇంట్లో ఒక్కరైనా వాడితో మాట్లాడాలి."

ఆయన చాపెల్లో ప్రార్థనల పనిమీద బయటికెళ్ళాక కెజియా పెట్టె తెరిచింది. జోనస్ ఆట సాధన నుంచి వచ్చేసరికి జెర్సీ భోజనాల బల్ల మీద చేతులు చాపుకుని ఉంది.

జోనస్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఇరవై రెండేళ్ళ వాడు. పరిగెత్తుతుంటే మా ఊరి ముసలమ్మలు కూడా కిటికీలోంచి చూసేవాళ్ళు. ఇప్పుడు కాళ్ళు కదలలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"పోయిన సోమవారం నుంచి."

"తెలిసీ నాన్నతో మాట్లాడటం మానేశావా?"

"అవును. నా పాపం నాది. నీ సంగతి చెప్పు."

జోనస్ కుర్చీలో కూలబడ్డాడు.

"కావాలని చెయ్యలేదమ్మా. బంతి ఎగిరొచ్చింది, చెయ్యి దానంతటదే లేచింది. నేను అప్పుడే చెప్పాల్సింది. చెబుదామని తిరిగాను. తిరిగేసరికి జనం గీత దాటి వచ్చి నన్ను భుజాల మీదకి ఎత్తేశారు. అంత మంది నా పేరు అరుస్తుంటే... నోరు రాలేదు. తర్వాత నాన్న కర్ర కనబడింది."

"తర్వాతైనా?"

"తర్వాత ఏం చెప్పను? మిల్లులో నా భుజం తట్టి, నాన్నని తిడుతున్నారు. 'పాపం, నీకు అలాంటి తండ్రి' అంటున్నారు. వాళ్ళు అన్నప్పుడల్లా నేను తల ఊపుతున్నాను. ఊపి ఊపి మెడ నొప్పి పుడుతోంది." వాడు జెర్సీ చేతిని వేలితో పక్కకి తోశాడు. "మొదట్లో నాన్న మాట్లాడించబోయాడు. నేనే మొహం తిప్పుకున్నాను. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొస్తుంది. కోపం వచ్చినట్టు ఉండటం తేలిక."

కెజియా ఆ జెర్సీని మడత పెట్టింది. ఎర్ర మచ్చ లోపలికి పోయింది.

"రేపు పొద్దున్నే మామయ్య దగ్గరికెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకో."

మర్నాడు మిల్లు కూతకు ముందే జోనస్ బట్టల కొట్టు తలుపు కొట్టాడు. ఒబడయా పళ్ళు తోముకుంటూ వచ్చి, ఆ కాగితం నిన్ననే టపాలో వెళ్ళిపోయిందన్నాడు. ఎందుకని అడిగాడు. జోనస్ చెప్పకుండా వచ్చేశాడు.

* * *

బుధవారం ముగ్గురూ ఒకే రైలుపెట్టెలో పట్నం వెళ్ళారు. ఒక పక్క తండ్రి, ఒక పక్క కొడుకు, మధ్యలో ఒబడయా. దారి పొడుగునా మాట్లాడింది ఒబడయా ఒక్కడే.

టీ వేళకి అబెల్ ఒక్కడే ఇంటికొచ్చాడు.

"వాడేడీ?" అంది కెజియా.

"వస్తాడు. నడిచి వస్తానన్నాడు."

"తొమ్మిది మైళ్ళు! వానలో!"

"కాళ్ళున్నాయి వాడికి." అబెల్ కోటు విప్పకుండానే కూర్చున్నాడు. "హోటలు మేడమీద గది. అయిదుగురు పెద్దమనుషులు. మీ అన్నయ్య బ్రహ్మాండంగా మాట్లాడాడు. తర్వాత నన్ను లేవమన్నారు. నేను నోరు తెరిచేలోపల వాడు లేచాడు."

లెటీ చేతిలోని కెటిల్ అలాగే పట్టుకుని నిలబడింది.

"'మా నాన్నని అడగకండి. బంతి నా చేతికి తగిలింది. ఆ కాగితం అబద్ధం, రాసినాయనకి అది అబద్ధమని తెలియదు, సంతకం పెట్టిన నాకు తెలుసు' అన్నాడు. ఎవరూ అడగకుండా, నిటారుగా నిలబడి. గొంతు కూడా వణకలేదు." అబెల్ పొయ్యిలోకి చూస్తున్నాడు. "వాడు చాలా గోల్స్ కొట్టాడు కెజియా. అన్నీ చూశాను. అంత బాగా వాడు ఆడటం నేనెప్పుడూ చూళ్ళేదు."

"వాళ్ళేమన్నారు?"

"ఫిర్యాదు కొట్టేశారు. అబద్ధపు సంతకం పెట్టినందుకు ఈ సీజనంతా వాణ్ణి ఆడొద్దన్నారు."

"నిజం చెప్పినందుకా!" అంది లెటీ.

"నిజం ఆలస్యంగా చెప్పినందుకు. సరైన తీర్పే."

"మరి అన్నయ్య?" అంది కెజియా, తన అన్న సంగతి అడుగుతూ.

అబెల్ కోటు గుండీ ఒకటి విప్పాడు. "స్టేషన్లో అన్నాడు, అయిదుగురి ముందు తన తల తీసేశారని. ఇక తనకి చెల్లెలు లేదనుకుంటానన్నాడు. వేరే పెట్టె ఎక్కాడు."

కెజియా ఏప్రాన్ అంచుతో కళ్ళొత్తుకుంది.

దీపం వెలిగించాక జోనస్ వచ్చాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డాడు, అది తన ఇల్లో కాదో తేల్చుకోలేనట్టు.

అబెల్ లేచాడు.

"బూట్లు విప్పు. తడిసిపోయాయి."

"నాన్నా."

"ఊఁ."

"ఒకటి అడగాలి. ఆ రోజు కర్ర ఎత్తేటప్పుడు నువ్వు నా వైపు చూళ్ళేదు. ఒక్కసారి కూడా. ఊరంతా తిట్టినా నాకింత బాధ లేదు. అది మాత్రం..."

"చూస్తే ఎత్తలేనని" అన్నాడు అబెల్.

జోనస్ బూటు ముడి విప్పుతూ వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ముడి అంత బిగుసుకుపోలేదు.

లెటీ ఉప్పు గిన్నె తెచ్చి, ఇద్దరి మధ్యా దబ్బున పెట్టింది. "ఇక మీరే ఇచ్చుకోండి" అంది.

భోజనం మధ్యలో అబెల్ లోపలి జేబులోంచి ఉత్తరం తీశాడు. మేడ దిగుతుంటే స్టాన్‌రిడ్జ్ కెప్టెను చేతిలో పెట్టాడట. జోనస్ పైకి చదివాడు.

"శనివారం ఆటకి మా తరఫున వేరే అంపైరుని నిలబెట్టదలచుకోలేదు. మీ క్లబ్బువారికి అభ్యంతరం లేకపోతే మిస్టర్ హాస్లమ్ ఒక్కరే రెండు జట్లకీ నిలబడవలసిందిగా మా పదకొండు మంది కోరిక."

కింద పదకొండు సంతకాలున్నాయి. ఇద్దరు చదువురానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

"ఇలా ఎప్పుడైనా జరిగిందా?" అంది కెజియా మెల్లగా.

"నేను వినలేదు" అన్నాడు అబెల్. ఉత్తరం తీసుకుని, ఇంకు ఎప్పుడో ఆరిపోయినా, జాగ్రత్తగా మడిచాడు.

* * *

గురువారం మిల్లులో జోనస్‌తో ఎవరూ మాట్లాడలేదు. భుజం తట్టిన చేతులన్నీ జేబుల్లోకి పోయాయి. మధ్యాహ్నం రొట్టె తినే వేళ బల్ల మీద అతని పక్కన ఖాళీ. షెడ్డులో రెండో వైపు నుంచి అబెల్ తన రొట్టె మూట తెచ్చుకుని ఆ ఖాళీలో కూర్చున్నాడు. మేస్త్రీలు నేతపనివాళ్ళ బల్ల దగ్గర తినరు. ఆ రోజు తిన్నాడు.

"నాన్నా, నువ్వెళ్ళు. నీక్కూడా మాట వస్తుంది."

"వచ్చినవి చాల్లే. ఇంకొకటి వస్తే ఎక్కడ పెట్టను? నీ ఉల్లిపాయ ఇలా ఇయ్యి."

సాయంత్రం టీ ముందు తలుపు చప్పుడైంది. తట్టడం విని లెటీ ఆశ్చర్యపోయింది; తెలిసినవాళ్ళెవరూ ఆ తలుపు తట్టరు. తీసింది. ఒబడయా.

ఒక్కరోజులో మనిషి ముసలాడైనట్టున్నాడు. టోపీ చేతిలో ఉంది. లోపలికి రాలేదు. చెల్లెలి వైపు చూడలేదు.

"బావా, సెక్రటరీగా వచ్చాను. చుట్టంగా కాదు" అన్నాడు. "కమిటీ కూర్చుంది. శనివారం మన అంపైరుగా నువ్వు వద్దని తీర్మానం. పదముగ్గురిలో పది మంది చెయ్యెత్తారు."

లెటీ ఏదో అనబోతే కెజియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"నువ్వు?" అన్నాడు అబెల్.

ఒబడయా టోపీని చేతుల్లో తిప్పాడు. "ఎత్తలేదు." తర్వాత తనమీద తనకే కోపం వచ్చినట్టు గొంతు పెంచాడు. "ఎత్తుదామనే వెళ్ళాను! కుర్రాడు నా పరువు తీశాడు. కానీ 'రాసినాయనకి తెలియదు' అన్నాడే, ఆ మాట వాడు అనక్కర్లేదు. నన్నూ ముంచెయ్యొచ్చు. ముంచలేదు. అది గుర్తొచ్చి నా చెయ్యి లేవలేదు. అంతే. నీ మీద ప్రేమతో కాదు."

"సరే" అన్నాడు అబెల్. స్టాన్‌రిడ్జ్ ఉత్తరం అందించాడు.

ఒబడయా చదివాడు. కింది సంతకాలు ఒక్కొక్కటే చూశాడు. వేలిముద్రల దగ్గర ఆగాడు.

"ఇప్పుడు నువ్వు మన అంపైరువి కావు" అన్నాడు నెమ్మదిగా. "రెండు జట్లకీ నువ్వొక్కడివే అంటే మన కమిటీ ఒప్పుకోదు. వెళితే వాళ్ళ అంపైరుగానే వెళ్ళాలి."

"వాళ్ళు పిలిచారు. మీరు పొమ్మన్నారు."

"బావా, ఆలోచించు. మన పదకొండు మంది మీద ఆ ఊరి మనిషిగా నిలబడతావా? అక్కడ నువ్వెంత న్యాయంగా చూసినా, సాయంత్రం రైలు దిగాల్సింది ఈ ఊళ్ళోనే. ఈ వీధిలోనే. వీళ్ళు నీ కిటికీలు మిగల్నిస్తారా?"

అబెల్ కిటికీ వైపు చూశాడు. కెజియా వైపు చూశాడు. చివరికి, ఈసారి మొహం తిప్పుకోకుండా, కొడుకు వైపు చూశాడు.

"స్టాన్‌రిడ్జ్ రైలు ఎన్నింటికి?"

"పదకొండున్నరకి" అన్నాడు జోనస్. "నేనూ వస్తున్నాను. ఆడొద్దన్నారు గాని చూడొద్దనలేదు."

"నేనూ!" అంది లెటీ.

ఒబడయా తల అడ్డంగా ఊపాడు. అది కాదనడమో, తన చెల్లెలి ఇంట్లో ఇలాంటి వాళ్ళు ఎక్కణ్ణుంచి పుట్టారన్న ఆశ్చర్యమో తెలియలేదు. తిరిగి వెళ్ళబోయి ఆగాడు.

కెజియా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అంది:

"అన్నయ్యా, లోపలికొస్తావా, బయటికెళ్తావా? ఏదో ఒకటి చెయ్యి. చలిగాలి కొడుతోంది."

ఒబడయా కిందికి, తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఒకటి గడప లోపల ఉంది. ఒకటి బయట ఉంది.